డీజిల్ వాహనాలకు ఆయిల్ మార్పు: రంగు చెప్పని నిజాలు

డీజిల్ వాహనంలో కొత్త ఇంజిన్ ఆయిల్ పోసిన కొద్ది రోజులకే అది నల్లబడుతుంది. ఆ నలుపును చూసి కొందరు వాహనదారులు తమకు నకిలీ నూనె అంటగట్టారని అనుమానిస్తారు. మరికొందరు ఎప్పుడు చూసినా నల్లగానే ఉంటుంది కదా అని మార్చవలసిన గడువును వాయిదా వేస్తూ పోతారు. మొదటి వారికి అనవసరపు ఖర్చు మిగులుతుంది. రెండవ వారికి మిగిలేది అంతకంటే పెద్ద నష్టం. సరుకు రవాణా ఆటో, లారీ, ట్రాక్టర్ వంటి వాహనాన్ని నమ్ముకుని జీవించే కుటుంబానికి ఇంజిన్ పట్టేయడమంటే మరమ్మతు ఖర్చు ఒక్కటే కాదు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఆదాయం ఆగిపోతుంది, రుణ వాయిదా మాత్రం ఆగదు.

దేశవ్యాప్తంగా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాక ఆయిల్ మార్పు మరింత జాగ్రత్త అవసరమైన పనిగా మారింది. పాత లారీకి సరిపోయిన నూనె కొత్త వాహనానికి చేటు చేయవచ్చు. అందుకే డీజిల్ ఇంజిన్‌లో నూనె చేసే పని ఏమిటి, అది ఎప్పుడు, ఎందుకు పాడవుతుంది, మార్చేటప్పుడు ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి, తీసిన పాత నూనెను ఏం చేయాలి అన్న విషయాలు ప్రతి వాహనదారుడూ తెలుసుకోదగినవి.

నలుపుకు కారణం మసి

పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనాన్ని మండించేది స్పార్క్ ప్లగ్ ఇచ్చే నిప్పురవ్వ. డీజిల్ ఇంజిన్‌లో ఆ రవ్వ ఉండదు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ తీవ్రంగా నొక్కుతుంది. ఆ ఒత్తిడికి గాలి ఎంతగా వేడెక్కుతుందంటే, దానిలోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. జర్మన్ ఇంజినీరు రుడాల్ఫ్ డీజిల్ 1890లలో రూపుదిద్దిన ఈ సూత్రమే నేటికీ కొనసాగుతోంది.

చిమ్మిన ఇంధనం గాలితో అన్నిచోట్లా సమానంగా కలవదు. గాలి చాలని చోట ఇంధనం పూర్తిగా మండక మసి పుడుతుంది. అందులో ఎక్కువ భాగం పొగతోపాటు బయటకు వెళుతుంది. కొంత భాగం మాత్రం పిస్టన్ రింగుల సందుల గుండా జారి కింద ఉన్న నూనెలో చేరుతుంది. ఈ మసి రేణువులు ఒకచోట చేరి గడ్డకట్టకుండా, వాటిని విడివిడిగా తేలియాడేలా ఉంచే రసాయనాలను తయారీదారులు నూనెలో ముందే కలుపుతారు. కాబట్టి నూనె నల్లబడిందంటే ఆ రసాయనాలు తమ పని తాము చేస్తున్నాయని అర్థం. మసిని పట్టుకోని నూనె చూడడానికి శుభ్రంగా కనిపించవచ్చు. కానీ ఆ మసి లోపల ఇంజిన్ గోడలకు, నూనె దారులకు పేరుకుపోతుంది.

అయితే మసిని మోసే శక్తికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటితే నూనె చిక్కబడుతుంది. మసి రేణువులు లోహ భాగాల మధ్య ఉన్న పలుచని నూనె పొరను చీల్చి అరుగుదల పెంచుతాయి. దహనంలో పుట్టే ఆమ్లాలను విరిచే క్షార గుణం కూడా క్రమంగా తరిగిపోతుంది. ఈ మార్పులేవీ కంటికి కనబడవు. వేలి మీద రాసి చూసినా, వాసన పట్టినా తెలియవు. నూనె ఎంతవరకు పనికొస్తుందో చెప్పగలిగేవి తయారీదారు నిర్దేశించిన గడువు, లేదా ప్రయోగశాల పరీక్ష మాత్రమే.

ఒక నూనె, అయిదు పనులు

కందెనగా రాపిడిని తగ్గించడం ఇంజిన్ ఆయిల్ చేసే మొదటి పని. రేడియేటర్ నీరు చేరలేని పిస్టన్ అడుగు భాగం, బేరింగులు వంటి చోట్ల వేడిని తీసుకుపోవడం రెండవది. మసిని, లోహపు పొడిని మోసుకెళ్లి ఫిల్టర్‌కు అప్పగించడం మూడవది. పిస్టన్ రింగులకు, సిలిండర్ గోడకు నడుమ సందును మూసి ఒత్తిడి జారిపోకుండా చూడడం నాలుగవది. తుప్పు నుంచి, ఆమ్లాల నుంచి లోహాన్ని కాపాడడం అయిదవది.

నేటి డీజిల్ వాహనాలలో దాదాపు అన్నింటికీ టర్బో ఉంటుంది. చిన్న టర్బోలోని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది. అంత వేగంలో ఆ ఇరుసును మోసేది ఒక పలుచని నూనె పొర మాత్రమే. నూనె పాడైనా, తగ్గినా మొదట దెబ్బ తినే భాగాలలో టర్బో ఒకటి. వేగంగా వచ్చిన బండిని ఆపిన వెంటనే ఇంజిన్ కట్టేయకుండా ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వాలని అనుభవజ్ఞులైన డ్రైవర్లు చెప్పడానికి కారణం ఇదే. ఇంజిన్ ఆగితే నూనె ప్రవాహమూ ఆగుతుంది. కాలిపోతున్న టర్బోలో నిలిచిపోయిన నూనె అక్కడే మాడిపోతుంది.

డబ్బా మీది అంకెల అర్థం

నూనె డబ్బా మీద ముద్రించే 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 వంటి గుర్తులు నూనె చిక్కదనాన్ని తెలుపుతాయి. అమెరికాకు చెందిన ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం, అంటే ఎస్ఏఈ, ఈ కొలమానాన్ని రూపొందించింది. డబ్ల్యూ అక్షరం చలికాలానికి సంకేతం. దానికి ముందున్న అంకె ఎంత తక్కువైతే చల్లని ఇంజిన్ మొదలైనప్పుడు నూనె అంత సులువుగా పారుతుంది. తరువాతి అంకె ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, 100 డిగ్రీల సెల్సియస్ వద్ద నూనె చిక్కదనాన్ని సూచిస్తుంది. పాత లారీలు, ట్రాక్టర్లలో 15డబ్ల్యూ-40 విస్తృతంగా వాడుకలో ఉంది. కొత్త కార్లలో చాలావాటికి 5డబ్ల్యూ-30 వంటి పలుచని నూనెలను నిర్దేశిస్తున్నారు. ఎండలు ఎక్కువ కదా అని సొంత ఊహతో చిక్కని నూనె పోయడం సరికాదు. సన్నని నూనె దారులకు తగినట్లు తీర్చిన ఇంజిన్‌లో చిక్కని నూనె చేరవలసిన చోటికి ఆలస్యంగా చేరుతుంది.

చిక్కదనం ఒక్కటే చూసుకుంటే చాలదు. నాణ్యత శ్రేణిని తెలిపే గుర్తు అంతకంటే ముఖ్యం. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, భారీ డీజిల్ ఇంజిన్ల నూనెలకు సీ అక్షరంతో మొదలయ్యే శ్రేణులు ఇస్తుంది. సీఐ-4, సీజే-4, సీకే-4 వంటివి అవే. యూరప్ వాహన తయారీదారుల సంఘమైన ఏసీఈఏ, పొగ శుద్ధి పరికరాలున్న కార్ల కోసం సీ2, సీ3 వంటి శ్రేణులను నిర్ణయించింది. బీఎస్-6 వాహనాల విషయంలో ఈ గుర్తులకు ప్రాధాన్యం పెరిగింది.

బీఎస్-6 తెచ్చిన మార్పు

బీఎస్-4 కాలంలో డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 50 భాగాల వరకు ఉండేది. బీఎస్-6 ఇంధనంలో అది 10 భాగాలకు తగ్గింది. ఇంధనం శుభ్రపడడంతో పొగ గొట్టం దారిలో సున్నితమైన శుద్ధి పరికరాలను అమర్చడం సాధ్యమైంది. వాటిలో ముఖ్యమైనది డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. వాడుకలో దీన్ని డీపీఎఫ్ అంటున్నారు. పొగలోని సూక్ష్మ మసి రేణువులను ఇది తనలో బంధిస్తుంది. డీజిల్ ఇంజిన్ పొగ మనిషికి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో వర్గీకరించింది. ఆ దృష్టితో చూస్తే డీపీఎఫ్ సాధారణ పౌరుల ఊపిరితిత్తులకు రక్షణ కవచం.

డీపీఎఫ్‌లో చేరిన మసిని వాహనం ఎప్పటికప్పుడు కాల్చివేసుకుంటుంది. కానీ మసి కాలుతుంది గాని బూడిద కాలదు. ఇంజిన్ లోపల ఏ కొద్దిగానో నూనె నిత్యం దహనమవుతూనే ఉంటుంది. దానిలో కలిపిన కాల్షియం, జింకు వంటి లోహ సమ్మేళనాలు బూడిదగా మారి డీపీఎఫ్‌లో శాశ్వతంగా మిగిలిపోతాయి. ఎక్కువ బూడిదనిచ్చే పాత తరహా నూనె వాడితే ఆ ఫిల్టర్ ముందుగానే పూడుకుపోతుంది. దాన్ని మార్చడానికి అయ్యే ఖర్చు ఎన్నో విడతల ఆయిల్ ఖర్చును మించుతుంది. అందుకే డీపీఎఫ్ ఉన్న వాహనాలకు తక్కువ బూడిదనిచ్చే నూనెలనే తయారీదారులు నిర్దేశిస్తారు. ఒకే డబ్బా నుంచి పాత ట్రాక్టర్‌కూ కొత్త కారుకూ పోసే అలవాటు ఇక పనికిరాదు.

నూనె పెరిగినా ప్రమాదమే

నూనె మట్టం తగ్గితే ప్రమాదమని అందరికీ తెలుసు. మట్టం పెరగడం కూడా ప్రమాద సూచనేనని తెలిసినవారు తక్కువ.

డీపీఎఫ్‌లోని మసిని కాల్చడానికి పొగ వేడిని దాదాపు 600 డిగ్రీలకు పెంచాలి. ఇందుకోసం చాలా వాహనాలలో ఇంజిన్ కొంత అదనపు డీజిల్‌ను సిలిండర్‌లోకి ఆలస్యంగా చిమ్ముతుంది. అందులో కొంత భాగం సిలిండర్ గోడల వెంట జారి నూనెలో కలుస్తుంది. రహదారి మీద నిలకడైన వేగంతో సాగే వాహనంలో ఈ ప్రక్రియ సజావుగా ముగుస్తుంది. నగరంలో రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణానికే పరిమితమయ్యే వాహనంలో మాత్రం అది మధ్యలోనే ఆగి మళ్లీ మళ్లీ మొదలవుతుంది. ప్రతిసారీ మరికొంత డీజిల్ నూనెలో చేరుతుంది.

డీజిల్ కలిసిన నూనె పలుచబడి బేరింగులను కాపాడలేదు. మట్టం హద్దు మీరితే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికి నురుగు చేస్తుంది. నూనె ఆవిరి గాలి దారిలోకి చేరి, ఇంజిన్ దాన్నే ఇంధనంగా తీసుకుని అదుపు తప్పి పరుగెత్తే ప్రమాదమూ ఉంది. అప్పుడు తాళం తిప్పినా ఇంజిన్ ఆగకపోవచ్చు. కాబట్టి కొలత కడ్డీ మీద నూనె పై గీతను దాటి ఉంటే, లేదా డీజిల్ వాసన గట్టిగా వస్తే, గడువు మిగిలి ఉన్నా వెంటనే సర్వీసు కేంద్రానికి చూపించడం అవసరం. పలకపై డీపీఎఫ్ దీపం వెలిగినప్పుడు తయారీదారు పుస్తకంలో చెప్పిన విధంగా కొంతసేపు నిలకడైన వేగంతో నడపడం వల్ల ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

గడువును ఎలా లెక్కించాలి

చాలా డీజిల్ కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది గడువుగా ఉంటుంది. కొత్త తరం భారీ లారీలకు గడువు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఖచ్చితమైన అంకె వాహనంతో ఇచ్చిన పుస్తకంలోదే. ఏడాదిలో మూడు వేల కిలోమీటర్లే తిరిగామని మార్పును మానుకోవడం తగదు. తక్కువగా తిరిగే బండిలో తేమ, డీజిల్ నూనెలో నిలిచిపోయి దాన్ని త్వరగా చెడగొడతాయి.

ట్రాక్టర్ లెక్క వేరు. అక్కడ కొలమానం కిలోమీటర్లు కావు, గంటలు. చాలా నమూనాలకు సుమారు 250 గంటలకొకసారి మార్చాలని నిర్దేశిస్తారు. గోదావరి, కృష్ణా డెల్టాలలో, తెలంగాణ వరి ప్రాంతాలలో నాట్ల ముందు దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్ రోజుకు పది గంటలకు పైగా పనిచేస్తుంది. ఆ లెక్కన 250 గంటలు నెల రోజులలోపే గడిచిపోతాయి. సీజన్ ముగిశాక చూద్దామనుకుంటే గడువు ఎప్పుడో దాటిపోతుంది. దుమ్ములో పని, అధిక బరువు, గంటల తరబడి నిలబెట్టి ఇంజిన్ నడపడం వంటి పరిస్థితుల్లో గడువు ఇంకా కుదించుకోవాలని తయారీదారులే సూచిస్తారు.

వరద నీటిలో మునిగిన వాహనం మరో ప్రత్యేక సందర్భం. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు జలమయమైనప్పుడు ఎన్నో వాహనాలు నీటిలో చిక్కుకున్నాయి. అటువంటి బండిని నీరు తీశాక స్టార్ట్ చేసి చూడాలన్న ఆత్రుత సహజమే. కానీ సిలిండర్‌లో నీరు ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేక లోపలి భాగాలు వంగిపోతాయి. మెకానిక్ పరిశీలించి, నూనె, ఫిల్టర్లు మార్చేవరకు తాళం తిప్పకూడదు.

మార్చే విధానం

డీజిల్ వాహనానికి ఆయిల్ మార్చడం క్రమశిక్షణతో చేయవలసిన పని. వారంటీ ఉన్న వాహనాన్ని అధీకృత కేంద్రానికి ఇవ్వడం మేలు. స్వయంగా చేసుకునేవారు, షెడ్డులో దగ్గరుండి చేయించుకునేవారు ఈ వరుసను గమనించాలి.

మొదట వాహనాన్ని సమతలంగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. ఇంజిన్‌ను కొద్ది నిమిషాలు నడిపి ఆపాలి. గోరువెచ్చని నూనె సులువుగా పారి మసిని వెంట తీసుకుపోతుంది. మరీ వేడిగా ఉంటే చేతులు కాలుతాయి. కేవలం జాకీ మీద నిలిపిన వాహనం కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకూడదు. గుంట గాని, ర్యాంపు గాని, గట్టి స్టాండ్లు గాని ఉండాలి.

తరువాత పైన నూనె పోసే మూత తెరిచి, కింద తగినంత పెద్ద పాత్ర ఉంచి, ఛాంబర్ అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టు విప్పాలి. చిన్న కారుకు మూడు నాలుగు లీటర్లు, భారీ లారీకి పదిహేను, ఇరవై లీటర్లు, ఆ పైన కూడా రావచ్చు. ధార సన్నబడి చుక్కలుగా మారేవరకు ఓపిక పట్టాలి. బయటకు వచ్చిన నూనెను ఒకసారి పరిశీలించడం మంచిది. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు లేదా కూలెంట్ కలుస్తోందని అనుమానించాలి. మెరిసే లోహపు పొడి కనిపిస్తే లోపల ఏదో అరుగుతున్నట్లే. ఈ రెండూ కొత్త నూనెతో నయమయ్యే జబ్బులు కావు.

ఆయిల్ ఫిల్టర్‌ను ప్రతిసారీ నూనెతోపాటే మార్చాలి. పాత ఫిల్టర్ రబ్బరు వలయం ఇంజిన్‌కే అంటుకుని మిగిలిపోలేదని చూసుకోవాలి. కొత్త ఫిల్టర్ వలయానికి కాస్త కొత్త నూనె రాసి బిగించాలి. డ్రెయిన్ బోల్టు వాషర్ కొత్తది వేసి, నిర్దేశించిన బిగువుతో మాత్రమే బిగించాలి. బలం కొద్దీ తిప్పితే మర చెడి, ఛాంబరే మార్చవలసి రావచ్చు.

పుస్తకంలో చెప్పిన పరిమాణం కంటే కొంచెం తక్కువగా నూనె పోసి, ఇంజిన్ స్టార్ట్ చేయాలి. యాక్సిలరేటర్ తొక్కకూడదు. నూనె టర్బో వరకు చేరడానికి ఆ కాస్త వ్యవధి అవసరం. ఆయిల్ ఒత్తిడి దీపం కొద్ది క్షణాల్లో ఆరాలి. ఆరకపోతే వెంటనే ఇంజిన్ కట్టేయాలి. కింద ఎక్కడా కారడం లేదని చూసుకుని, ఇంజిన్ ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, కొలత కడ్డీ చూసి మిగిలినది పోయాలి. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి, పై గీతను దాటకూడదు. చివరగా తేదీ, రీడింగ్ రాసి పెట్టుకోవాలి. సర్వీసు సూచిక ఉన్న వాహనాలలో దాన్ని కొత్త లెక్కకు మార్చడం మరువరాదు. మధ్యలో తగ్గిన నూనెను కలుపుకోవడం తప్పనిసరే అయినా, అది మార్పుకు బదులు కాదు. లీటరు కొత్త నూనె కలిపినంత మాత్రాన మిగిలిన నూనెలోని మసి, ఆమ్లాలు ఎక్కడికీ పోవు.

నకిలీ నూనె బెడద దృష్ట్యా బిల్లుతో కొనడం, మూత సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడడం అవసరం. ఖాళీ డబ్బాను అలాగే వదిలేస్తే అది నకిలీ నూనెతో తిరిగి అంగడికి చేరవచ్చు. దానికి రంధ్రం చేసి పారవేయడం చిన్న పనే గాని ప్రయోజనం పెద్దది.

తీసిన నూనె ఎక్కడికి పోతుంది

ఆయిల్ మార్పులో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యే ఘట్టం ఇదే. పాత నూనెను కాలువలో పారబోయడం, దుమ్ము లేవకుండా నేల మీద చల్లడం, చెదలు పట్టకుండా కర్రకు పూయడం, సెంట్రింగ్ పలకలకు రాయడం, బట్టీల్లో మండించడం చాలాచోట్ల అలవాటుగా మారింది. ఒక వాహనం నుంచి ఒక్క విడతలో తీసిన నూనె పది లక్షల గాలన్ల, అంటే సుమారు 38 లక్షల లీటర్ల మంచినీటిని కలుషితం చేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరిస్తోంది. వాడిన నూనెలో లోహాలు, మసి, హానికర హైడ్రోకార్బన్లు ఉంటాయి. రోజంతా చేతులకు అది అంటుకునే మెకానిక్కుల చర్మానికీ ముప్పే. చేతి తొడుగులు వాడడం, పని కాగానే సబ్బుతో కడుక్కోవడం వారి ఆరోగ్యానికి కనీస రక్షణ.

దేశంలో వాడిన నూనెను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాల కింద పరిగణిస్తారు. దాన్ని అనుమతి పొందిన పునఃశుద్ధి కేంద్రాలకే చేర్చాలి. 2023లో చేసిన సవరణ ద్వారా, వాడిన నూనె పునర్వినియోగ బాధ్యతను నూనె ఉత్పత్తిదారులు, దిగుమతిదారులపై కేంద్ర పర్యావరణ శాఖ ఉంచింది. ఈ విధానం 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నిజానికి నూనె అరిగిపోదు, మురికిపడుతుంది. అందులోని మసిని, నీటిని, పాడైన రసాయనాలను తొలగిస్తే మూల నూనె తిరిగి వాడకానికి సిద్ధమవుతుంది. ముడి చమురు అవసరాలలో అత్యధిక భాగానికి దిగుమతులపై ఆధారపడే దేశానికి ఇది విలువైన వనరు.

అయితే నియమం పెద్ద పరిశ్రమలను కట్టడి చేసినంత సులువుగా వీధి చివరి షెడ్డును చేరుకోదు. అక్కడ పాత నూనె ఎవరి డ్రమ్ములోకి వెళుతోందో అడగగలిగినవాడు వాహనదారుడే. ఇంట్లో మార్చుకున్నవారు పాత నూనెను నీటితో గాని, డీజిల్‌తో గాని కలపకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, అధీకృత సర్వీసు కేంద్రానికి లేదా అనుమతి ఉన్న సేకరణదారుకు అప్పగించాలి. ఇంజిన్‌లో పోసే నూనెకు బిల్లు అడిగే వాహనదారుడు, ఇంజిన్ నుంచి తీసిన నూనె ఎటు పోతోందని కూడా అదే నోటితో అడిగితే, ఆ షెడ్డు పక్కన ఉన్న చెరువుకూ బోరుబావికీ అంతకుమించిన కాపలా ఉండదు.